బిల్టప్ స్టీల్ కాలమ్ ఎంత మోస్తుంది, ఎందుకు వంగుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో, జడ్చర్ల పక్క గోదాముల్లో, దామరచర్ల దారిలో లేస్తున్న షెడ్లలో రెండు చానళ్లు నిలబెట్టి మధ్యలో పట్టీలు కొట్టిన కాలమ్‌లు బాగా కనిపిస్తాయి. వీటినే బిల్టప్ కాలమ్‌లు అంటారు. పట్టీలు ఏటవాలుగా కొడితే లేసింగ్, ప్లేట్లు అడ్డంగా కొడితే బ్యాటెన్. వాటి గురించి వచ్చే డౌట్లు ఎప్పుడూ అవే, అడిగేవాళ్లే మారుతుంటారు. అందుకని ఒకచోట రాసిపెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్నకు నేరుగా వెళ్లిపోండి, ముందువి చదవాల్సిన పనిలేదు. లెక్కలు ఉక్కు నిర్మాణాలకు మన కోడ్ అయిన ఐఎస్ 800:2007 ప్రకారం, ఉక్కు ఈ250 గ్రేడు. లోడ్లన్నీ ఫ్యాక్టర్డ్ లోడ్లు, అంటే భద్రత కోసం పెంచి లెక్కించినవి. 10 కిలోన్యూటన్లంటే సుమారు 1 టన్ను అనుకోండి.

## పని మొదలుపెట్టక ముందు

అన్నా, రెండు చానళ్లు పక్కపక్కన నిలబెడితే సరిపోదా? మధ్యలో ఈ పట్టీలన్నీ దేనికి?

సరిపోదు. ఎంత తేడా వస్తుందో అంకెల్లోనే చూడండి. రెండు ఐఎస్ఎమ్‌సీ 200 చానళ్లు (సీ ఆకారం, 200 మి.మీ. లోతు), 6 మీటర్ల ఎత్తు, రెండు చివర్లూ పిన్ (పక్కకు కదలవు, తిరగగలవు) అనుకుందాం. దేనికది విడిగా నిలబెడితే రెండూ కలిపి మోసేది దాదాపు 120 కిలోన్యూటన్లు. వీపులు ఆనించి టాక్ వెల్డ్‌లతో (అక్కడక్కడ చిన్న అతుకులతో) కలిపితే 218. అవే రెండింటినీ 120 మి.మీ. ఎడంగా పెట్టి సరైన లేసింగ్ కొడితే 780. చానళ్ల బరువు మూడు సందర్భాల్లోనూ ఒకటే. (మొదటి రెండింట్లో స్లెండర్‌నెస్, అంటే ఎత్తుతో పోలిస్తే కాలమ్ ఎంత సన్నగా ఉందో చెప్పే అంకె, 180 దాటిపోతుంది కాబట్టి కోడ్ ఎలాగూ ఒప్పుకోదు, పోలిక కోసం చెప్పానంతే.)

చానల్ ఎప్పుడూ తన బలహీనమైన వైపే వంగుతుంది, ఆ వైపు రేడియస్ ఆఫ్ గైరేషన్ (వంగకుండా నిలిచే గట్టితనాన్ని చెప్పే కొలత) 22 మి.మీ. మాత్రమే. రెండింటినీ ఎడంగా పెట్టి కట్టేస్తే, ఆ వైపు వంగాలంటే ఒక చానల్ కుదించుకుపోవాలి, ఇంకోటి సాగాలి, అదంత తేలిక కాదు. అయితే రెండూ ఒకదాన్ని దాటి ఒకటి జారకుండా పట్టుకునేది పట్టీలే. అవి లేకపోతే ఎంత ఎడంగా పెట్టినా మళ్లీ 120 దగ్గరికే వస్తాం.

ఉక్కు అంత గట్టిది కదా, నలగకుండా పక్కకు ఎందుకు వంగిపోతుంది?

పొట్టి ముక్కయితే నలుగుతుంది. పొడుగుదయితే అంతదాకా ఆగదు, ఒక లోడు దాటగానే పక్కకు తప్పుకుంటుంది. దాని లెక్కను గణితజ్ఞుడు ఆయిలర్ 1744లోనే కట్టాడు. ఎత్తు రెండింతలైతే మోసే లోడు నాలుగో వంతుకు పడిపోతుందని ఆ సూత్రం చెబుతుంది. అందులో ఉక్కు గ్రేడు అసలు కనిపించదు, దాని స్థితిస్థాపకత ఒక్కటే ఉంటుంది. కాబట్టి సన్నగా పొడుగ్గా ఉన్న కాలమ్‌కు "మంచి స్టీల్ వేశాం సార్, ఈ350" అంటే పెద్దగా ఒరిగేదేమీ లేదు. నిజం కాలమ్‌కు ముందే కొంచెం వంపు ఉంటుంది, లోపల రోలింగ్, వెల్డింగ్ వల్ల మిగిలిపోయిన స్ట్రెస్‌లు ఉంటాయి. అందుకే కోడ్ ఆయిలర్ లెక్కను యథాతథంగా తీసుకోకుండా ఏ, బీ, సీ, డీ అని నాలుగు వక్రరేఖలు ఇచ్చింది, స్లెండర్‌నెస్‌ను బట్టి ఎంత మోస్తుందో అవి చెబుతాయి, ఏ నుంచి డీకి పోయేకొద్దీ తగ్గుతుంది. లేసింగ్, బ్యాటెన్ కొట్టిన బిల్టప్ కాలమ్ ఏ వైపు వంగినా సీ కిందికే వస్తుంది.

రెడీమేడ్ ఐ సెక్షన్ దొరుకుతుంటే ఈ తలనొప్పి ఎందుకు?

మీ ఎత్తుకు, మీ లోడుకు సరిపోయేది దొరికితే అదే తెచ్చుకోండి, పని తొందరగా అవుతుంది. చిక్కల్లా ఐ సెక్షన్ ఒక వైపు గట్టిగా, ఇంకో వైపు మెత్తగా ఉండటం. ఐఎస్ఎమ్‌బీ 300 అనే ఐ సెక్షన్ బరువు మీటరుకు దాదాపు 44 కిలోలు, రెండు ఐఎస్ఎమ్‌సీ 200 బరువూ అంతే. మధ్యలో ఎక్కడా సపోర్టు లేకుండా 6 మీటర్లు నిలబెడితే ఐఎస్ఎమ్‌బీ లెక్క 196 కిలోన్యూటన్ల దగ్గర ఆగిపోతుంది, పైగా స్లెండర్‌నెస్ 211. లేసింగ్ కొట్టిన చానళ్లు 780 మోస్తాయి. గోడ గర్టులు (గోడ రేకులు బిగించే అడ్డ స్టీలు), బ్రేసింగ్ ఆ మెత్తటి వైపును మధ్యలో గట్టిగా పట్టుకుంటే మాత్రం ఐ సెక్షనే గెలుస్తుంది.

## డిజైన్ చేసేటప్పుడు

లేసింగ్ కొట్టాలా, బ్యాటెన్ కొట్టాలా? బ్యాటెన్ అయితే పని తక్కువ కదా?

పని తక్కువే, కానీ ఆ బ్యాటెన్ మీద పడే భారం చూడండి. రెండు ఐఎస్ఎమ్‌సీ 200, లోడు 700 కిలోన్యూటన్లు. దానిలో 2.5 శాతం, అంటే 17.5 కిలోన్యూటన్ల అడ్డ షియర్‌కు (కాలమ్‌ను అడ్డంగా కోసేలా పనిచేసే బలానికి) పట్టీలను డిజైన్ చేయాలి. రెండు ముఖాలా 45 డిగ్రీల సింగిల్ లేసింగ్ కొడితే ఒక్కో పట్టీలో వచ్చేది సుమారు 12.4 కిలోన్యూటన్లు, అదీ నేరుగా లాగడమో నెట్టడమో. దాని బదులు మీటరుకొక బ్యాటెన్ పెట్టి, బోల్టు వరసల మధ్య 200 మి.మీ. ఉందనుకుంటే, ఒక్కో బ్యాటెన్‌కు దాదాపు 44 కిలోన్యూటన్ల షియర్, దాంతోపాటు 4.4 కిలోన్యూటన్ మీటర్ల బెండింగ్ కూడా వస్తుంది. ఆ బెండింగ్‌ను బోల్టులో వెల్డో మోయాలి, చానల్ కూడా అక్కడక్కడ వంగాలి.

కోడ్ కూడా ఈ తేడా చూపిస్తుంది. లేసింగ్‌కు స్లెండర్‌నెస్ 5 శాతం పెంచమంటే బ్యాటెన్‌కు 10 శాతం పెంచమంటుంది. పైన చెప్పిన చానళ్లే 6 మీటర్ల ఎత్తులో లేసింగ్‌తో 780, బ్యాటెన్‌తో దాదాపు 750 మోస్తాయి. ఈ తేడా చిన్నదే. కానీ బ్యాటెన్ల తలంలో మూమెంట్ (వంచే ప్రభావం) గానీ, పక్కనుంచి తోపు గానీ ఉంటే కోడ్‌లోని మామూలు బ్యాటెన్ నియమాలు చెల్లవు, స్థిరత్వాన్ని పూర్తిగా విశ్లేషించాలి. క్రేన్ నడిచే షెడ్డయినా, గాలి నేరుగా కాలమ్ మీదకు వచ్చే షెడ్డయినా నేను లేసింగే చెబుతాను. లోపల నిటారు లోడు మాత్రమే ఉండే ప్లాట్‌ఫామ్ కాలమ్‌కు బ్యాటెన్ సరిపోతుంది.

రెండు చానళ్ల మధ్య ఎంత ఎడం పెట్టాలి?

రెండు వైపులా గట్టితనం కనీసం సమానమయ్యేంత. ఐఎస్ఎమ్‌సీ 200 వీపులు లోపలికి ఉంటే వీపుకూ వీపుకూ మధ్య కనీసం 111 మి.మీ. రావాలి, సైట్లో 120 పెట్టేయండి. ముఖాముఖి పెడితే బయటి వెడల్పు దాదాపు 198 మి.మీ. కావాలి. అంతకంటే దూరం జరిపితే బలం ఇంకా పెరుగుతుందని కొందరు అనుకుంటారు. పెరగదు, అప్పుడు ఇంకో వైపు వంగుతుంది, పట్టీలు మాత్రం పొడుగై బలహీనపడతాయి.

లోడు నేరుగా కిందికే కదా వస్తుంది, మరి ఈ 2.5 శాతం అడ్డ షియర్ ఎక్కడిది సార్?

కాలమ్ గీత గీసినట్టు నిటారుగా ఉంటే నిజంగానే షియర్ ఉండదు. కానీ ఏ కాలమూ అలా ఉండదు, లోడు పడ్డాక ఉన్న వంపు ఇంకా పెరుగుతుంది. వంగిన కాలమ్ చివర్లో దాని అక్షం కొంచెం వాలుతుంది, అప్పుడు నిటారు లోడులో చిన్న భాగం కాలమ్‌కు అడ్డంగా పని చేస్తుంది. 6 మీటర్ల కాలమ్ విల్లులా వంగి మధ్యలో 48 మి.మీ. పక్కకు వచ్చిందనుకోండి, చివర వాలు సుమారు 0.025 అవుతుంది, అంటే లోడులో 2.5 శాతం. ఎత్తులో 125వ వంతు వంపు అన్నమాట. మామూలు కాలమ్ అంత వంగకూడదు. కూలిపోయే ముందు స్థితిలో కూడా పట్టీలు చానళ్లను వదలకుండా ఉండాలని ఈ అంకె చూసుకుంటుంది. ఈ షియర్‌ను రెండు ముఖాల లేసింగ్‌కూ సమానంగా పంచాలి.

స్లెండర్‌నెస్‌ను 1.05తో ఎందుకు గుణిస్తాం?

గట్టి ప్లేటుతో కలిసినంత బిగువుగా పట్టీలు చానళ్లను కలపలేవు. పట్టీ కొంచెం సాగుతుంది, బోల్టు రంధ్రంలో కొంచెం జరుగుతుంది, దాంతో కాలమ్ మొత్తం షియర్‌లో కాస్త మెత్తబడుతుంది. ఆ మెత్తదనం వల్ల బక్లింగ్ లోడు, అంటే కాలమ్ పక్కకు వంగిపోయే లోడు, ఎంత తగ్గుతుందో జర్మన్ ఇంజనీరు ఎంగెసర్ 1891లోనే సూత్రం ఇచ్చాడు. మన కోడ్ ఆ లెక్కంతా అడగకుండా అందరికీ ఒకే అంకె ఇచ్చేసింది. సౌకర్యమే, కానీ నాకు ఇందులో నచ్చనిది ఒకటుంది. పట్టీ సన్నదైనా మందమైనా, కోణం 40 అయినా 65 అయినా అదే 1.05. కాబట్టి పట్టీల మీద ఉన్న మిగతా నియమాలన్నీ పాటించినప్పుడే ఆ అంకెకు విలువ.

పట్టీల్లో వచ్చే ఫోర్సు అంత చిన్నదైతే, వాటిలో తేడా వచ్చినంత మాత్రాన కాలమ్ కూలుతుందా?

కూలుతుంది. కెనడాలో క్యూబెక్ వంతెన కడుతుండగానే 1907 ఆగస్టు 29న కూలి 75 మంది చనిపోయారు. మొదట పోయింది కింది వైపు ఉన్న ఒక భారీ కంప్రెషన్ మెంబర్, పేరు ఏ9ఎల్. నాలుగు పెద్ద ప్లేటు పలకలను నిలబెట్టి, లేసింగ్ యాంగిళ్లతో, రివెట్లతో కలిపి చేసిన బిల్టప్ మెంబర్ అది. పలకల్లో ఉక్కుకు కొదవలేదు, వాటిని కలిపిన లేసింగే చాలలేదు. వంతెన స్పాన్ 1,600 అడుగుల నుంచి 1,800 అడుగులకు పెంచాక సొంత బరువు లెక్క మళ్లీ సరిగా వేయలేదు, అది ఇంకో తప్పు. కూలడానికి ముందే ఆ మెంబర్‌లో వంపు రెండు అంగుళాలు దాటిందని సైట్లో కొలిచారు కూడా. పనైతే వెంటనే ఆగలేదు.

పట్టీల కోణం, మందం, వెడల్పు ఎంత ఉండాలి? సూటిగా చెప్పండి.

కాలమ్ అక్షంతో కోణం 40 నుంచి 70 డిగ్రీల మధ్య. ఫ్లాట్ మందం సింగిల్ లేసింగ్‌లో దాని ఎఫెక్టివ్ పొడవులో (వంగే లెక్కకు తీసుకునే పొడవులో) 40వ వంతు, పట్టీలు ఎక్స్‌లా దాటే డబుల్ లేసింగ్‌లో 60వ వంతు కంటే తగ్గకూడదు. వెడల్పు బోల్టు వ్యాసానికి మూడింతలు, అంటే 16 మి.మీ. బోల్టుకు 50 మి.మీ. ఫ్లాట్. పట్టీ స్లెండర్‌నెస్ 145 దాటకూడదు. బోల్టు వరసల మధ్య 200 మి.మీ. ఉండి 45 డిగ్రీల్లో కొడితే పట్టీ పొడవు 283, దానికి 50×8 ఫ్లాట్ సరిపోతుంది, స్లెండర్‌నెస్ 123 దగ్గర ఉంటుంది. 6 మి.మీ. ఫ్లాట్ సరిపోదు. చాలా సైట్లలో అదే కనిపిస్తుంది.

రెండు పట్టీల మధ్య ఖాళీలో చానల్ ఒక్కటే వంగిపోతే?

ఆ భయం నిజమే, అందుకే పరిమితి పెట్టారు. లేసింగ్ బిందువుల మధ్య ఒక్క చానల్ స్లెండర్‌నెస్ 50 గానీ, మొత్తం కాలమ్ స్లెండర్‌నెస్‌లో 0.7 వంతు గానీ, రెండింట్లో ఏది తక్కువైతే దాన్ని దాటకూడదు. ఐఎస్ఎమ్‌సీ 200కి 50 అంటే 1,115 మి.మీ.

బేస్ ప్లేటుకు నాలుగు బోల్టులు వేశాం, కాలమ్‌ను ఫిక్స్‌డ్ అనుకోవచ్చా?

బోల్టుల సంఖ్య చూసి నిర్ణయించలేం. ప్లేటు మందం, పునాది తిరగకుండా ఆపగలగడం, బోల్టులు కాలమ్‌కు ఎంత దూరంలో ఉన్నాయన్నది చూడాలి. దానికంటే పెద్ద ప్రశ్న పై చివరిది. షెడ్డుకు ఆ వైపు బ్రేసింగ్ లేకపోతే కాలమ్ తల పక్కకు ఊగుతుంది, అప్పుడు కింద ఫిక్స్‌డ్, పైన స్వేచ్ఛ అన్నట్టే లెక్క, ఎఫెక్టివ్ పొడవు రెండింతలు. రెండు ఐఎస్ఎమ్‌సీ 200లతో 6 మీటర్ల కాలమ్ పిన్ చివర్లతో 780 కిలోన్యూటన్లు మోస్తే, తల ఊగే షెడ్డులో అదే కాలమ్ 311 దగ్గర ఆగిపోతుంది. డ్రాయింగ్‌లో గేబుల్ (షెడ్డు చివరి గోడ) దగ్గర ఉన్న బ్రేసింగ్‌ను "తలుపు పెట్టాలి" అని తీసేసేవాళ్లు ఈ అంకె ఒకసారి చూసుకోవాలి.

## ఫ్యాబ్రికేషన్ దగ్గర

వెల్డింగ్ మంచిదా, బోల్టులా?

రెండూ నడుస్తాయి. వెల్డింగ్‌లో పట్టీ ఎఫెక్టివ్ పొడవును 0.7 వంతే తీసుకోవచ్చు కాబట్టి కొంచెం లాభం, రంధ్రంలో జరగడం అనే మాటే ఉండదు. పట్టీ చానల్ మీద కనీసం దాని మందానికి నాలుగింతలు ఎక్కాలి, 8 మి.మీ. ఫ్లాట్ అయితే 32 మి.మీ. జాగ్రత్త ఏంటంటే, ఒక ముఖం మొత్తం వెల్డ్ చేసి తర్వాత తిప్పి ఇంకో ముఖం చేస్తే కాలమ్ అరటిపండులా వంగి బయటికి వస్తుంది. ముందు అంతా టాక్ చేసి, ముఖాలు మారుస్తూ, మధ్య నుంచి చివర్లకు పోవాలి.

అటు ముఖం పట్టీలు, ఇటు ముఖం పట్టీలు ఒకే దిశలోనా, ఎదురెదురుగానా?

ఒకే దిశలో. ఒక వైపు నుంచి చూస్తే ముందు పట్టీ వెనుక పట్టీని కప్పేయాలి, నీడ పడ్డట్టు. ఎదురెదురుగా కొడితే లోడు పడ్డప్పుడు కాలమ్ మెలితిరగాలని చూస్తుంది.

ఫ్యాబ్రికేటర్ పట్టీల దూరం పెంచుతున్నాడు, ఎందుకు?

కిలో రేటు మీద పని ఇచ్చి ఉంటారు. చానల్ బరువు ఎక్కువ, పని తక్కువ. లేసింగ్ బరువు తక్కువ, కోయడం, రంధ్రాలు, వెల్డింగ్ అంతా దాంట్లోనే. ఆ రేటులో లేసింగ్ కొట్టిన ప్రతిసారీ ఆయనకు నష్టమే. ఆయన్ను తిట్టే బదులు లేసింగ్‌కు వేరే రేటు మాట్లాడుకోండి.

చివర్లో రెండు చానళ్లనూ కలిపే టై ప్లేటు తీసేసి లేసింగ్‌నే చివరిదాకా తీసుకుపోవచ్చా?

వద్దు. పైనుంచి వచ్చే లోడు రెండు చానళ్లకూ పంచుకునేది అక్కడే. లేసింగ్ మొదలయ్యే చోటా, ఆగే చోటా, మధ్యలో తెగిన చోటా టై ప్లేటు ఉండాల్సిందే.

చానళ్లు ముఖాముఖి పెట్టి నిలువునా మొత్తం వెల్డ్ చేసేస్తే లేసింగ్ బాధ ఉండదు కదా?

ఉండదు. అప్పుడది బాక్స్ సెక్షన్, చాలా సందర్భాల్లో బీ వక్రరేఖ కిందికి వస్తుంది, 5 శాతం పెంచే పనీ లేదు. కాకపోతే వెల్డ్ నిరంతరంగా ఉండాలి. జానెడు వెల్డ్, మూరెడు ఖాళీ వదిలితే అది బాక్స్ కాదు, నీళ్లు కూడా లోపలికి పోతాయి. లోపల పెయింటు వేయలేం కాబట్టి పైనా కిందా ప్లేటుతో పూర్తిగా మూసేయాలి.

పాత చానళ్లు తక్కువకు వస్తున్నాయి, వాడొచ్చా?

దారం కట్టి చూడండి. 6 మీటర్లలో 6 మి.మీ. కంటే ఎక్కువ వంపు ఉంటే ముందు తిన్నగా చేయించాలి, ఎందుకంటే వక్రరేఖలు ఎత్తులో వెయ్యో వంతు వంపును అనుకునే గీసినవి. తుప్పు తిని వెబ్ పలచబడినవి వదిలేయండి.

## నిలబెట్టాక

ఎలివేటర్ పైపుకు పట్టీ అడ్డొస్తోంది, ఒక్కటి కోసేస్తే ఏమవుతుంది?

మిల్లుల్లో ఇది ఎంత మామూలో చెప్పలేను. గ్యాస్ కటింగ్‌తో కోసిన మొండి రెండు చివర్లా మిగిలి ఉంటుంది, మధ్యలోంచి ధాన్యం పైపు పోతుంటుంది, ఆ మొండికి ఎవరో బకెట్ తగిలించి ఉంటారు.

కాగితం మీద చూస్తే తప్పు కనిపించదు. లేసింగ్ బిందువులు 400 మి.మీ.కు ఉన్నాయనుకోండి, ఒకటి తీస్తే 800, ఐఎస్ఎమ్‌సీ 200కి స్లెండర్‌నెస్ 36, ఇంకా 50 లోపే. కానీ ఆ గడిలో షియర్‌ను మోసే ఏటవాలు పట్టీ ఇప్పుడు లేదు. ఆ షియర్‌ను ఆ ముఖంలో చానళ్లే వంగి మోయాలి, లేదంటే అంతా అవతలి ముఖం మీదకు పోయి కాలమ్ మెలితిరగాలి. పైగా కోసేది ఎక్కువగా చివర్ల దగ్గరే, షియర్ ఎక్కువుండేదీ అక్కడే. పైపు తప్పనిసరిగా అక్కడే పోవాలంటే, కోయకముందే ఆ ఖాళీకి పైనా కిందా మందమైన ప్లేట్లు రెండు ముఖాలకూ వేసి, ఆ గడిని బ్యాటెన్ ఫ్రేమ్‌గా లెక్కగట్టించాలి. చాలాసార్లు పైపును ఒక జానెడు జరపడమే చవక.

లారీ వెనక్కి వస్తూ కాలమ్‌కు తగిలింది, నడుమెత్తులో ఫ్లేంజ్ వంగింది. పర్లేదా?

వంగింది ఒక్క ఫ్లేంజ్ అంచా, చానలే పక్కకు జరిగిందా అన్నది ముందు చూడాలి. పట్టీకీ పట్టీకీ మధ్య దారం పట్టి కొలవండి. చానల్ జరిగితే ఆ గడిలో లోడు ఇక మధ్యగా పోవడం లేదు, కాబట్టి పైనుంచి లోడు తగ్గించి, పక్కన ప్రాప్ పెట్టాకే ముట్టుకోవాలి. లోడు మీద ఉండగానే వేడి చేసి సుత్తితో కొట్టడం మాత్రం చేయొద్దు, ఎర్రగా కాలిన ఉక్కుకు బలం ఉండదు. మరమ్మతు అయ్యాక ముందు కాంక్రీటు గార్డు కట్టండి, లేకపోతే లారీ మళ్లీ వస్తుంది.

తుప్పు పట్టీల మీదే ఎక్కువ ఉంది, చానళ్లు బాగానే ఉన్నాయి. ఆగొచ్చా?

ఆగొద్దు. తవుడు దుమ్ము పేరుకుని, దానికి వాన తడి తగిలి, నేలకు దగ్గరగా ఉన్న పట్టీలు ముందు పోతాయి. 283 మి.మీ. పొడవున్న 8 మి.మీ. ఫ్లాట్ 2 మి.మీ. తగ్గితే దాని స్లెండర్‌నెస్ 123 నుంచి 163కి పోతుంది, పరిమితి 145. చానల్‌లో 2 మి.మీ. పోవడం కంటే ఇదే ముందు దెబ్బ కొడుతుంది. మంచి విషయం ఏంటంటే పట్టీ మార్చడం చవక. ఒకసారికి ఒక్కటే తీసి, కొత్తది బిగించాకే రెండోది ముట్టుకోండి.

పాత షెడ్డు మీద సోలార్ ప్యానెళ్లు పెట్టాలనుకుంటున్నాం, కాలమ్‌లు ఆగుతాయా?

ప్యానెళ్లు, వాటి ఫ్రేమ్ కలిపి చదరపు మీటరుకు 15 కిలోల దగ్గర ఉంటాయి, బరువు మరీ ఎక్కువేమీ కాదు. రేకుతో సమానంగా కాకుండా వాలుగా లేపి పెడితే గాలి లాగే శక్తి మారుతుంది, దాన్ని విడిగా చూడాలి. లెక్క వేసేవాళ్లకు పాత డ్రాయింగ్ ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి. ఒక నిచ్చెన, టేపు, వెర్నియర్ తీసుకుని ప్రతి కాలమ్‌కు పట్టీల మందం, వాటి మధ్య దూరం, కోసేసినవి ఎన్ని అన్నది రాసి ఇవ్వండి. ఆ కాగితం లేకుండా "ఆగుతాయి" అని ఎవరైనా చెబితే ఆయన చానళ్లను మాత్రమే లెక్కగట్టాడు.